అరుగు మీద ఓడిన ఆటను విప్పి చూసుకోవడం ఎలా?

మన గోదావరి డెల్టాలో చదరంగానికి ఒక సీజనుంది. దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేశాక, పొద్దు వాలే వేళకి పాలకొల్లు వైపు గానీ రాజోలు వైపు గానీ ఏ ఊరికెళ్లినా ఒక అరుగు మీద బోర్డు పరిచి కనిపిస్తుంది. ఆడేది ఇద్దరు, చెప్పేది ఆరుగురు. ఆట అవ్వగానే పావులు గలగలా డబ్బాలో పోసేసి "ఇంకోటెయ్యండి" అంటారు. ఎక్కడ చెడిందో ఎవరికీ గుర్తుండదు. మర్నాడు మళ్లీ అక్కడే చెడుతుంది.

కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లు ఫోన్లో వీడియోలు చూసి వస్తారు. నిన్న సిసిలియన్, ఇవాళ లండన్, రేపు కింగ్స్ ఇండియన్. ఇవన్నీ ఓపెనింగులు, అంటే ఆట మొదలెట్టే ఎత్తుల వరసలు. ఎదుటివాళ్లు వీడియోలో చెప్పినట్టు వేసినంతసేపూ చకచకా వేస్తారు. ఐదో ఎత్తులో ఎవరైనా దారి తప్పించారంటే ఇక తెల్లమొహమే. ఓపెనింగులు ఎన్ని చూసినా ఆట పెరగడం లేదని బాధపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. కొత్త ఓపెనింగు జోలికి పోకండి. నిన్న మీరు ఓడిన ఆట తీసి, అందులో మొదటి పదిహేను ఎత్తుల్లో దారి తప్పిన ఒక్క ఎత్తును పట్టుకుని దాన్ని మాత్రం బాగుచేసుకోండి. అదెలాగో ఒక ఆటనే ముందు పెట్టుకుని చూద్దాం. బోర్డుంటే దగ్గర పెట్టుకోండి, లేకపోతే సగమే అర్థమవుతుంది.

ఒకటి: ఆటకు కూర్చునే ముందు

బోర్డు సరిగ్గా పరవండి. మీ కుడిచేతి వైపు మూల గడి తెల్లగా ఉండాలి. తెల్ల మంత్రి తెల్లగడిలో, నల్ల మంత్రి నల్లగడిలో. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బోర్డు అడ్డంగా పరిచి అరగంట ఆడేశాక గమనించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

తర్వాత, ఏ పద్ధతిలో ఆడుతున్నారో నోరు తెరిచి అడగండి. మన పెద్దవాళ్లలో కొందరికి ఇంకా పాత దేశవాళీ పద్ధతే అలవాటు. అందులో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. క్యాస్లింగ్, అంటే రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదిపి కోట కట్టడం, ఉండదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బాగానే ఉంటుంది ఆ ఆట, కాకపోతే ఇక్కడ చెప్పబోయే ఓపెనింగు అందులో నడవదు. అందుకని "బాబాయ్ గారూ, బంటు రెండు గళ్లు వెయ్యొచ్చా?" అని ముందే తేల్చుకుంటే సగం తగువులు తీరిపోతాయి. మిగతా సగం ముట్టుకున్న పావు దగ్గర వస్తాయి. ముట్టుకుంటే కదపాల్సిందే అని అనుకుని కూర్చోండి.

గడియారం కావాలంటే ఫోన్లో చెస్ క్లాక్ యాపులు ఉచితంగానే దొరుకుతాయి. మనిషికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం పెట్టుకుంటే ఆట ఆలోచించి ఆడినట్టూ ఉంటుంది, దీపాలు పెట్టే వేళకి ఇంటికీ చేరొచ్చు.

రెండు: ఎత్తులు రాయడం

రాయని ఆటను విప్పలేం. రాసుకోవడానికి ఒక రూళ్ల నోటుపుస్తకం చాలు. తెల్లపావుల వైపు కూర్చుని ఎడమ నుంచి కుడికి నిలువు వరసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనుకోండి. అడ్డవరసలు తెల్లవాళ్ల దగ్గర నుంచి 1 మొదలు 8 దాకా. తెల్లరాజు ముందున్న బంటు రెండు గళ్లు నడిస్తే అది ఇ4. గుర్రం ఎఫ్3కి వస్తే "గు ఎఫ్3". మంత్రికి మం, శకటుకి శ, రాజుకి రా, ఏనుగుకి ఏను. బంటుకి ఏమీ రాయక్కర్లేదు, గడి పేరు చాలు. ఒక్కో అంకె పక్కన ముందు తెల్లవాళ్ల ఎత్తు, తర్వాత నల్లవాళ్లది; అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవాళ్ల ఎత్తు. శకటుని కొందరు ఒంటె అంటారు, పిల్లలు బిషప్ అంటారు. మీ నోటికి ఏది వస్తే అదే రాసుకోండి. టోర్నమెంట్లకు వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇంగ్లీషు అక్షరాలకు అలవాటు పడటం మేలు.

ఆడుతూ రాయడం మొదట్లో విసుగ్గా ఉంటుంది. ఆట మొత్తం రాయలేకపోతే మొదటి పదిహేను ఎత్తులైనా రాయండి, మన పనికి అవి చాలు. ఇంకో దారి కూడా ఉంది. పక్కన నిలబడి "అది కాదు, గుర్రం వెయ్యి" అనే బాబాయి ఒకాయన ఎప్పుడూ ఉంటాడు కదా, పుస్తకం, పెన్ను ఆయన చేతికిచ్చెయ్యండి. రాసే పని పడితే నోరు కాస్త ఆగుతుంది.

మూడు: ఒక్క ఓపెనింగు, అదీ పాతదే

తెల్లపావులతో ఇటాలియన్ ఆడండి. గ్రెకో అనే ఇటలీ ఆటగాడు 1620 ప్రాంతంలోనే ఈ ఓపెనింగు ఆటలను రాతప్రతుల్లో రాసిపెట్టాడు. నాలుగు వందల ఏళ్ల నాటిది, ఇప్పటికీ ప్రపంచస్థాయి టోర్నమెంట్లలో ఆడుతూనే ఉన్నారు. మనలాంటి వాళ్లకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇందులో ప్రతి ఎత్తుకీ కళ్లకి కనపడే కారణం ఉంటుంది.

1. ఇ4 ఇ5
2. గు ఎఫ్3 గు సి6
3. శ సి4

మొదటి ఎత్తు నడిమి గడిని పట్టుకుంటుంది, శకటుకీ మంత్రికీ దారి తెరుస్తుంది. గుర్రం ఎఫ్3కి వచ్చి ఇ5 బంటును కొడుతుంది (కొట్టడమంటే చంపుతానని బెదిరించడం, ఇంకా చంపినట్టు కాదు), నల్లగుర్రం సి6కి వచ్చి ఆ బంటును కాస్తుంది. మూడో ఎత్తులో శకటు సి4లో కూర్చుని నేరుగా ఎఫ్7 వైపు చూస్తుంది. ఆట మొదట్లో నల్లవాళ్ల ఎఫ్7 బంటును కాసేది ఒక్క రాజే. తెల్లవాళ్లకి ఎఫ్2 కూడా అంతే. అరుగుల మీద త్వరగా అయిపోయే ఆటల్లో సగానికి సగం ఈ రెండు గళ్ల దగ్గరే అయిపోతాయి.

ఇక్కణ్నుంచి నల్లవాళ్లకి మంచి ఎత్తులు రెండు: శ సి5, లేదా గు ఎఫ్6. మొదటిదాన్ని చూద్దాం. తెల్లవాళ్లు నాలుగో ఎత్తుగా సి3 వేస్తారు. బంటు ఒక్క గడి నడవడంలో ఏముంది అనిపిస్తుంది గానీ, డి4 వేయడానికి అది ఆసరా. ఐదో ఎత్తు దగ్గర దారి రెండుగా చీలుతుంది. డి3 వేస్తే నిదానమైన ఆట, పెద్ద ఆటగాళ్లు ఇప్పుడు ఎక్కువగా పోయేది ఈ దారినే. డి4 వేస్తే తగువు అప్పుడే మొదలు. మొదట్లో మీరు డి4 వేయండి. ఓడినా ఎందుకు ఓడారో కనపడుతుంది. డి3 ఆటల్లో ఇరవై ఎత్తులు పోయినా ఎవరిది పైచేయో మనకి తెలీదు.

నాలుగు: ఆట

నరసాపురం కాలవ పక్క ఊళ్లో జరిగిన ఆట ఇది. తెల్లపావులు రొయ్యల మేత కొట్లో పనిచేసే కుర్రాడివి. నల్లపావులు రిటైరైన లెక్కల మాస్టారివి. ఇద్దరూ సరదాగా ఆడేవాళ్లే. కుర్రాడి ఫోను మధ్యలో రెండుసార్లు మోగింది, చెరువు మీద ఏరేటరు ఆగిందని. గడియారం ఆపలేదు మాస్టారు.

1. ఇ4 ఇ5
2. గు ఎఫ్3 గు సి6
3. శ సి4 శ సి5
4. సి3 గు ఎఫ్6
5. డి4, నల్లబంటు డి4ని చంపింది
6. తెల్ల సి3 బంటు డి4ని తిరిగి చంపింది, శ బి6

ఇక్కడ ఆగండి. ఆరో ఎత్తులో తెల్లవాళ్ల బంట్లు రెండూ ఇ4లోనూ డి4లోనూ పక్కపక్కన నిలబడ్డాయి. డి4 బంటు సి5లో ఉన్న నల్లశకటును కొడుతోంది. దాన్ని కదపక తప్పదు. మాస్టారు కాసేపు చూసి బి6కి జరిపారు. "ఇక్కడైతే భద్రంగా ఉంటుంది, ఎఫ్2 మీద కన్నూ ఉంటుంది" అన్నారు. మాటలో తప్పులేదు, చూడ్డానికి ఎత్తు కూడా చక్కగానే ఉంది. నాలాంటివాడు పక్కన కూర్చుంటే నేనూ అదే వెయ్యమనేవాణ్ని.

7. డి5 గు ఇ7
8. ఇ5 గు జి4
9. డి6

లాకు తలుపులు ఎత్తాక నీళ్లు ఆగవు చూడండి, ఆ రెండు బంట్లూ అలాగే వచ్చేశాయి. డి5 వచ్చి సి6 గుర్రాన్ని లేపింది. ఇ5 వచ్చి ఎఫ్6 గుర్రాన్ని లేపింది. డి6 వచ్చి ఇ7కి పారిపోయిన గుర్రాన్నే మళ్లీ కొట్టింది. మామూలుగా ఆట మొదట్లో బంట్లనే పదేపదే కదపడం మంచిది కాదంటారు. ఇక్కడ కుర్రాడు చేసింది అదే. అయినా చెల్లింది, ఎందుకంటే ఆ మూడు అడుగుల్లో ప్రతి అడుగూ ఒక పావు మీద దెబ్బే. తెల్లవాళ్ల ప్రతి ఎత్తుకీ నల్లవాళ్లు తమ ఎత్తును పారిపోవడానికే ఖర్చు పెట్టాల్సి వచ్చింది.

అయితే మాస్టారు ఊరికే పారిపోలేదు. జి4లోకి వెళ్లిన గుర్రం ఎఫ్2 మీద కన్నేసింది, బి6 శకటు దానికి తోడు.

9. ... గుర్రం ఎఫ్2 బంటును చంపింది

ఒక్కసారిగా అరుగు మీదున్నవాళ్లంతా ముందుకు వంగారు. ఎఫ్2లో కూర్చున్న గుర్రం ఇటు డి1లో మంత్రినీ అటు హెచ్1లో ఏనుగునీ కొడుతోంది. రాజు దాన్ని చంపుదామంటే శకటు కాపలా ఉంది. మాస్టారు వెనక్కి వాలి, "ఏరా అబ్బాయ్, మంత్రినిస్తావా, ఏనుగునిస్తావా?" అన్నారు.

కుర్రాడు మంత్రిని తీసి బి3లో పెట్టాడు. "ఏనుగు మీదేనండి మాస్టారూ" అన్నాడు.

10. మం బి3, గుర్రం హెచ్1 ఏనుగును చంపింది
11. శకటు ఎఫ్7 బంటును చంపి చెక్, రా ఎఫ్8
12. శ జి5 హెచ్6
13. డి6 బంటు ఇ7 గుర్రాన్ని చంపి చెక్, మంత్రి ఆ బంటును చంపింది
14. జి5 శకటు ఇ7 మంత్రిని చంపి చెక్, రాజు శకటును చంపాడు

ఇక్కడ మాస్టారు రాజును పడుకోబెట్టేశారు.

పదకొండో ఎత్తు చూడండి. ఎఫ్7లోకి దూకిన శకటును రాజు చంపలేడు. బి3 నుంచి ఐమూలగా మంత్రి కాస్తోంది. రాజుకి మిగిలిన గడి ఎఫ్8 ఒక్కటే. పన్నెండో ఎత్తులో రెండో శకటు జి5కి రాగానే ఇ7 గుర్రం కదలడానికి లేకుండా పోయింది, కదిలితే వెనక డి8లో మంత్రి పోతుంది. కదలకపోతే డి6 బంటు ఇ7లోకి వచ్చి రాజునీ మంత్రినీ ఒకేసారి కొడుతుంది. ఒక శకటును తీసుకుని మంత్రిని ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంత దూరం వెళ్లి ఏనుగును తిన్న గుర్రం హెచ్1 మూలలోనే ఉండిపోయింది.

ఐదు: విప్పడం

అసలు పని ఇది. ఇందులో వరస ముఖ్యం. చాలామంది మూడో పని ముందు చేసి మొదటి రెండూ వదిలేస్తారు.

మొదట ఒక్కరే కూర్చోండి, ఫోను లేకుండా. మీ ప్రతి ఎత్తు పక్కన అది ఎందుకు వేశారో రెండు ముక్కలు రాయండి. నిజం రాయండి. "శకటు భద్రంగా ఉంటుందని" అంటే అదే రాయండి. "ఏం తోచక" అయితే అదీ రాయండి. "ఏం తోచక" అని ఎన్నిచోట్ల వచ్చిందో చూస్తే మీ ఆట ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

తర్వాత లెక్క చూడండి. ప్రతి పావు ఎన్నిసార్లు కదిలిందో రాయండి. మాస్టారి ఆటలో ఇది చేసి చూడండి, గమ్మత్తుగా ఉంటుంది. మొదటి ఐదు ఎత్తుల్లో ఇ5 బంటు రెండుసార్లు, రెండు గుర్రాలూ ఒక శకటూ ఒక్కోసారి కదిలాయి. అంతవరకూ ఏ తప్పూ లేదు. ఆరు నుంచి పది దాకా అయిదు ఎత్తులూ అప్పటికే బయటికొచ్చిన పావులతోనే. శకటు రెండోసారి, ఒక గుర్రం రెండోసారి, ఇంకో గుర్రమైతే ఎఫ్6, జి4, ఎఫ్2, హెచ్1 అని నాలుగు గళ్లు తిరిగింది. ఈలోగా సి8 శకటు ఇల్లు కదల్లేదు, ఏనుగులు కదల్లేదు, రాజు కోట కట్టలేదు. కోట కట్టడానికి దారి నాలుగో ఎత్తు నుంచే తెరుచుకుని ఉంది.

మీ ఆటలో ఇలాంటి వరస ఎక్కడ మొదలైందో ఆ గీత దగ్గర పెన్సిలుతో ఒక గుర్తు పెట్టండి. దారి తప్పిన ఎత్తు ఆ గుర్తుకి అటూ ఇటూ ఒక ఎత్తులోనే దొరుకుతుంది.

రెండో పని, ఎదుటివాళ్లతో కూర్చోవడం. టీ తాగుతూ, గొడవ పడకుండా. "మీరు ఇక్కడ ఏం భయపడ్డారు?" అని అడగండి, చాలా బయటపడతాయి. మాస్టారు డి6 చూసి భయపడలేదట, ఎఫ్2లో గుర్రం పడితే అన్నీ సర్దుకుంటాయనుకున్నారట. కుర్రాడు బి3 ఎత్తు ముందే చూశాడా అంటే లేదు, మంత్రిని ఎక్కడో ఒకచోట దాచాలి కదా అని చూస్తూ ఉంటే ఎఫ్7 కనపడింది. ఈ మాటలు ఏ ఇంజనూ, అంటే ఎత్తులు లెక్కగట్టే ఏ కంప్యూటరు ప్రోగ్రామూ, చెప్పదు. మనిషి బుర్రలో ఆట ఎలా నడిచిందో మనిషే చెప్పాలి.

మూడోది ఇంజను. లీచెస్ అనే చదరంగం సైటులో ఖాతా ఉచితం, అందులో స్టాక్‌ఫిష్ అనే ఇంజను ఉచితం. ఆట ఎక్కించి చూస్తే పక్కన ఒక అంకె కనిపిస్తుంది. ఒకటి అంటే ఒక బంటు అంత పైచేయి అనుకోండి. ప్లస్ ఉంటే తెల్లవాళ్లది, మైనస్ ఉంటే నల్లవాళ్లది. ఇక్కడే అందరూ బోల్తాపడతారు. అంకె ఎక్కడ ఎక్కువ దూకిందో అక్కడే తప్పు అనుకుంటారు. ఈ ఆటలో ఇంజను ఏనుగును తిన్న పదో ఎత్తు దగ్గర గట్టిగా అరుస్తుంది. నిజమే, అది ఓడించిన ఎత్తు. కానీ మాస్టారు వచ్చే వారం ఏనుగును తినకుండా జాగ్రత్తపడ్డంత మాత్రాన ఆయన ఓపెనింగు బాగుపడదు. ఎందుకంటే ఆయన్ని అక్కడిదాకా తోసుకొచ్చింది ఆరో ఎత్తు. ఇంజను అంకెలను వెనక్కి నడిపించుకుంటూ వెళ్లి, ఆట సమంగా ఉన్న చివరి గడియ ఎక్కడో చూడండి. దాని తర్వాతి ఎత్తే మీకు కావాల్సింది.

ఆరు: బాగుచేయడం

ఆరో ఎత్తులో నల్లశకటు బి6కి బదులు బి4కి వెళ్లాలి, చెక్ చెబుతూ. ఒకే నిలువు వరసలో రెండు గళ్ల ఎడం, తేడా అంతే, కానీ ఆటంతా అందులోనే ఉంది. చెక్ అనగానే తెల్లవాళ్లు రాజు సంగతి చూసుకోవాలి, డి5 వేసే తీరిక ఉండదు. ఆ ఒక్క ఎత్తు తీరికలో నల్లవాళ్లు తమ డి బంటును మధ్యలో దింపేస్తారు.

6. ... శ బి4 చెక్
7. శ డి2, శకట్లు మార్పిడి
8. బి1 గుర్రం డి2 శకటును చంపుతుంది, డి5

ఈ డి5 మర్చిపోకండి. బంట్లు పరుగు మొదలెట్టకముందే వాటి ముందు అడ్డంగా పడే ఎత్తు ఇది. తెల్ల ఇ4 బంటు డి5ని చంపితే, ఎఫ్6 గుర్రం డి5లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత తెల్లవాళ్లు మంత్రిని బి3కి తెచ్చి ఆ గుర్రం మీద ఒత్తిడి పెడతారు, సి6 గుర్రాన్ని ఇ7కి తెచ్చి కాసుకోండి. ఇద్దరూ కోట కడతారు. ఆట సమం.

ఏడో ఎత్తులో తెల్లవాళ్లు శకటుకు బదులు గుర్రాన్ని సి3లో అడ్డం పెట్టొచ్చు. అప్పుడు నల్లగుర్రం ఇ4 బంటును తినొచ్చు, తినాలి కూడా. తెల్లవాళ్లు కోట కట్టేస్తారు. ఇక్కడ సి3లోని గుర్రాన్ని శకటుతో చంపండి, గుర్రంతో చంపకండి. గ్రెకో రాసిపెట్టిన ప్రసిద్ధమైన ఆట ఈ దారిలోనే వస్తుంది. అందులో నల్లవాళ్లు ముందు గుర్రంతో చంపి, తర్వాత శకటుతో సి3 బంటును తిని, ఆ ఊపులోనే ఎ1 ఏనుగునీ తినేస్తారు. తెల్లవాళ్లు మంత్రిని బి3లో పెట్టి, శకటును ఎఫ్7లో దించి, రెండో శకటును జి5కి తెస్తారు. చివరికి ఆటకట్టు. మన కుర్రాడు గ్రెకో పేరు కూడా వినలేదు, అవే మూడు గళ్లు వెతుక్కున్నాడు.

ఇప్పుడొక అట్టముక్క తీసుకుని ఒక్క వాక్యం రాయండి. "సి5 శకటును డి4 బంటు కొడితే బి4లో చెక్, ఆ వెంటనే డి5." అంతే. ఒక ఆటకి ఒక వాక్యం. పది వాక్యాలు రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

తర్వాత ఆరో ఎత్తు దగ్గర్నుంచి బోర్డు పేర్చి అదే మనిషితో మళ్లీ ఆడండి. ఒకసారి నల్లపావులతో, ఒకసారి తెల్లపావులతో. అవతలి వైపు కూర్చుంటేనే ఎదుటివాళ్లకి ఏం చిరాకో తెలుస్తుంది. ఇది వీడియో చూడ్డం కన్నా నెమ్మది పని. ఫలితం మాత్రం వేళ్లలో ఉంటుంది.

ఇంకొన్ని, పైపైన

నల్లవాళ్లు మూడో ఎత్తులో గు ఎఫ్6 వేస్తే, తెల్లగుర్రం జి5కి దూకి ఎఫ్7 మీద పడుతుంది. డి5 వేయండి. ఇ4 బంటు దాన్ని చంపాక గుర్రంతో తిరిగి చంపాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. సి6 గుర్రాన్ని ఎ5కి వేసి సి4 శకటును కొట్టండి. లేదంటే తెల్లగుర్రం ఎఫ్7లో బలిపడి మీ రాజును నడివీధిలోకి లాగుతుంది.

రెండో ఎత్తులోనే మంత్రిని హెచ్5కి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, సంక్రాంతి సెలవులకి వచ్చిన మేనల్లుళ్లలో మరీ ఎక్కువ. కంగారు వద్దు. గు సి6తో ఇ5ని కాయండి. శకటు సి4కి రాగానే జి6 వేసి మంత్రిని తరమండి. అది ఎఫ్3కి వెళ్లి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే గు ఎఫ్6. అక్కణ్నుంచి మీరే ముందున్నట్టు.

పెద్దవాళ్ల ఆటలు చూడొద్దా అంటే, చూడండి, కానీ ఓపెనింగు కోసం చూడకండి. మన పక్క డెల్టా గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైంది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే ఆట) టైటిలు గెలిచింది. తెల్లపావులతో ఆమె ఎక్కువగా వేసేది డి4. ఆ ఆటలు మొదటి పదిహేను ఎత్తులు చూసి మనం నేర్చుకోగలిగేది తక్కువ. చివర్లో నాలుగు పావులు మిగిలాక ఎలా పిండిందో చూడండి, అది ఎవరికైనా పనికొస్తుంది. ఓపెనింగే అన్నీ తేల్చేస్తుందనుకునేవాళ్లు 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో ఆట చూడాలి. ప్రపంచ టైటిలు తేలింది 55వ ఎత్తులో, డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టిన దగ్గర. అప్పటిదాకా డ్రా అయ్యేలాగే ఉంది.

పిల్లల్ని టోర్నమెంటుకి పంపేవాళ్లకి ఒక మాట. ర్యాపిడ్ ఆటల్లో ఎత్తులు రాయక్కర్లేదు, గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటల్లో రాసి తీరాలి. ర్యాపిడ్ అయినా ఆట అవ్వగానే గుర్తున్నంత వరకూ రాయించండి. బస్సులో ఇంటికొస్తూ రాస్తే సగం మర్చిపోతారు, పక్కవాళ్ల ఆట కలిపేస్తారు.

మాస్టారూ కుర్రాడూ ఆరో ఎత్తు నుంచి మళ్లీ ఆడారు. ఈసారి శకటు బి4కి వెళ్లింది, ఎనిమిదో ఎత్తుకి డి5 పడింది. మార్పిళ్లయ్యాక తెల్లవాళ్ల డి4 బంటు ఒంటరిదైంది. పక్కన సి లోనూ ఇ లోనూ దానికి తోడుండే బంటు లేదు. మీకూ ఈ స్థితి వస్తుంది. అప్పుడు ఆ బంటును వెంటనే తినేయాలని చూడకండి. దాని ఎదురుగా డి5లో గుర్రాన్ని కూర్చోబెట్టి అలాగే ఉంచండి, కదిపేందుకు మంచి కారణం దొరికేదాకా కదపకండి. సి6 బంటుతో దానికి ఆసరా ఇవ్వండి, కోట కట్టండి, ఏనుగును ఇ8కి తెచ్చుకోండి. ఆ తర్వాత మంత్రిని బి6కి తెస్తే డి4 మీదా బి2 మీదా ఒకేసారి ఒత్తిడి పడుతుంది.